ఫ్రాంకీ నకల్స్: భవనాన్ని కాపాడిన షికాగో, పాటల లెక్క తేల్చలేదు

షికాగో నగర కేంద్రానికి కాస్త పడమరగా, సౌత్ జెఫర్సన్ వీధిలో 206 నంబరు భవనం ఉంది. మూడంతస్తుల పాత పారిశ్రామిక కట్టడం. పక్కన నిలబడి చూసినా ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. ఇటీవలి కాలంలో అందులో ఆఫీసులు నడిచాయి. అయినా 2023 జూన్‌లో షికాగో నగర పాలక మండలి దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. భవనం చేతులు మారిందన్న వార్త రాగానే కూల్చేస్తారేమోనని అభిమానులు, వారసత్వ కట్టడాల పరిరక్షకులు వేలాది సంతకాలు సేకరించారు. వాళ్లు కాపాడాలనుకున్నది వాస్తుశిల్పాన్ని కాదు. 1977 నుంచి 1982 చివరి దాకా ఆ గోడల మధ్య శనివారం రాత్రి మొదలై ఆదివారం మధ్యాహ్నం దాకా సాగిన నృత్యాలను, వాటిని నడిపించిన ఒక డీజేను.

ఆ డీజే పేరు ఫ్రాంకీ నకల్స్. ఆ క్లబ్ పేరు వేర్‌హౌస్. ఇవాళ ప్రపంచమంతా ‘హౌస్ మ్యూజిక్’ అని పిలిచే సంగీతానికి ఆ పేరు ఈ క్లబ్ నుంచే వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకొనే మాట. అక్కడ నకల్స్ వినిపించిన రికార్డుల కోసం జనం దుకాణాలకు వెళ్లి వెతికేవారు. ఇంపోర్ట్స్ ఎట్‌సెట్రా అనే దుకాణంవాళ్లు ‘వేర్‌హౌస్‌లో విన్నది’ అని రాసి ఆ రికార్డులను విడిగా పెట్టేవారు. రానురాను ఆ రాత కుదించుకుపోయి ‘హౌస్’ మిగిలింది. ఒక సంగీత ప్రక్రియకు పాడినవాళ్ల పేరో, ప్రాంతం పేరో కాకుండా ఒక గోదాము పేరు పెట్టారంటే అందులో అర్థం ఉంది. ఆ సంగీతాన్ని తయారుచేసింది స్టూడియో కాదు, జనంతో నిండిన ఒక గది.

అదే నగరంలో ఇంకో లెక్క మాత్రం తేలలేదు. భవనానికి గుర్తింపు రావడానికి ఎనిమిది నెలల ముందు, 2022 అక్టోబరులో, తొలితరం హౌస్ కళాకారులు రెండు డజన్లకు దగ్గరగా కలిసి ట్రాక్స్ రికార్డ్స్ అనే షికాగో కంపెనీపై కోర్టుకు వెళ్లారు. తమ పాటలు దశాబ్దాలుగా అమ్ముకున్నారని, తమకు రావలసిన రాయల్టీలు రాలేదని వాళ్ల ఫిర్యాదు. ప్రపంచానికి హౌస్ సంగీతాన్ని పరిచయం చేసిన రికార్డుల్లో చాలావాటి మీద ట్రాక్స్ ముద్రే ఉంటుంది. నకల్స్ పేరుతో వచ్చిన అతి ప్రసిద్ధ పాట మీద కూడా. గోడలను కాపాడటం తేలిక, ఆ గోడల మధ్య పుట్టిన పని ఎవరిదో తేల్చడం కష్టం. నకల్స్ వృత్తి జీవితాన్ని ఈ రెండు వార్తల మధ్య పెట్టి చూస్తేనే సరిగ్గా అర్థమవుతుంది.

డీజే అంటే మనిషా, పెట్టెలా?

ముందు మాటల సంగతి. తెలంగాణ పల్లెల్లో, హైదరాబాద్ బస్తీల్లో ‘డీజే’ అంటే మనిషి గుర్తుకు రాడు. వ్యాను మీద పేర్చిన సౌండ్ బాక్సులు గుర్తుకొస్తాయి. ‘బరాత్‌కు డీజే పెట్టించినం’ అంటారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు కూడా ఆ ఉత్తర్వులోని డీజే మనిషి కాదు, సౌండ్ సిస్టమే. మనకు డీజే శబ్దం పేరు. పాట ఎంచుకునేవాడి పేరు కాదు.

నకల్స్ తరానికి డీజే అంటే ఎంపిక చేసే మనిషి. రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో మిక్సర్. ఒక రికార్డు ముగిసేలోపే రెండోదాన్ని అదే వేగంలో జోడించి, నాట్యం చేసేవాళ్ల అడుగు తప్పకుండా చూడటం పనిలో సగం. మిగతా సగం గదిని చదవడం. ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఏ గొంతు తర్వాత ఏ గొంతు రావాలి అన్నది అక్కడికక్కడ తేల్చుకోవాలి. హౌస్ సంగీతం లయ చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. నిమిషానికి దాదాపు 120 నుంచి 130 దెబ్బలు, ప్రతి దెబ్బకూ బేస్ డ్రమ్. మన తీన్మార్‌లో ఉండే విరుపు ఇందులో ఉండదు. తెలియని చెవికి ఒకటే మోత అనిపిస్తుంది. గంటల తరబడి నాట్యం చేసేవాళ్లకు మాత్రం ఆ సమానమైన దెబ్బ కింద నేల లాంటిది. మీద జరిగే చిన్న మార్పు కూడా పెద్దగా తెలుస్తుంది. ఒక తాళవాద్యం చేరడం, ఒక్క క్షణం బేస్ ఆగిపోవడం, ఎక్కడి నుంచో ఒక స్త్రీ గొంతు పైకి లేవడం.

న్యూయార్క్ కుర్రాడు

ఆయన అసలు పేరు ఫ్రాన్సిస్ నికల్స్. 1955 జనవరి 18న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. టెక్స్‌టైల్ డిజైన్ చదువుకున్నాడు. బట్టల మీద రంగులు, డిజైన్లు ఎలా కుదురుతాయో నేర్చుకున్న చేతులే తర్వాత పాటలను కుట్టాయని చమత్కరించవచ్చుగానీ, అసలు శిక్షణ జరిగింది క్లబ్బుల్లో. స్నేహితుడు లారీ లెవాన్‌తో కలిసి నిక్కీ సియానో నడిపిన గ్యాలరీ అనే క్లబ్బులో చేరాడు. అక్కడ ఈ ఇద్దరు కుర్రాళ్ల పని బెలూన్లు ఊదడం, తినుబండారాలు సర్దడం. ఆ తర్వాత కాంటినెంటల్ బాత్స్‌లో లెవాన్ డీజే అయ్యాడు, నకల్స్ కూడా అక్కడే రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ నల్లజాతివాళ్లు, ఇద్దరూ గే. 1970ల తొలి సంవత్సరాల న్యూయార్క్‌లో ఈ రెండూ కలిసి ఉన్నవారికి తలుపు తెరిచిన చోట్లు తక్కువ. తెరిచిన చోటే డిస్కో పుట్టింది.

షికాగోలో కొత్త క్లబ్ పెట్టాలనుకున్న రాబర్ట్ విలియమ్స్ మొదట పిలిచింది లెవాన్‌ను. లెవాన్‌కు న్యూయార్క్‌లోనే పెద్ద అవకాశం ఎదురుచూస్తోంది. అదే తర్వాత ప్యారడైజ్ గరాజ్‌గా పేరుపొందిన క్లబ్. అతను వెళ్లనన్నాడు. ఆ పిలుపు నకల్స్‌కు వచ్చింది. అలా రెండో ఎంపికగా 22 ఏళ్ల వయసులో షికాగో చేరాడు.

వేర్‌హౌస్‌లో మద్యం అమ్మేవారు కాదు. పండ్ల రసం, మంచినీళ్లు. వచ్చేవాళ్లలో అత్యధికులు నల్లజాతి, లాటినో గే యువకులు. ప్రవేశ రుసుము నాలుగైదు డాలర్లు మించేది కాదు. నకల్స్ తర్వాతి ఇంటర్వ్యూల్లో ఆ చోటును చర్చితో పోల్చేవాడు. అసలు చర్చి వెలివేసినవాళ్లకు చర్చి అన్న అర్థంలో. ఈ పోలిక మాటవరసకు అన్నది కాదు. ఆ పాటల్లోని గొంతులు చాలావరకు గాస్పెల్ శిక్షణ నుంచి వచ్చినవే. వాయిదా లేకుండా సాగే లయ, పిలుపు-జవాబు, గంటల తర్వాత వచ్చే పూనకం లాంటి స్థితి, అన్నీ ఆదివారం ప్రార్థనలో ఉండేవే. మన దగ్గర బోనాల ఊరేగింపులో డప్పు వేగం పెరిగినప్పుడు జరిగేది చూసినవారికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

రికార్డులు తగలబెట్టిన రాత్రి

1979 జులై 12. షికాగో కొమిస్కీ పార్క్‌లో బేస్‌బాల్ మ్యాచ్. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ప్రకటించిన కార్యక్రమం ఏమిటంటే, ఒక డిస్కో రికార్డు తెచ్చిచ్చినవారికి 98 సెంట్లకే టికెట్. రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులను మైదానంలో పేల్చేస్తారు. దాదాపు 50 వేల మంది వచ్చారని అంచనా. పేలుడు తర్వాత వేలాది మంది మైదానంలోకి దూకారు. రెండో ఆట జరగలేదు. సొంత జట్టు వైట్ సాక్స్ ఆ ఆటను ప్రత్యర్థికి వదులుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి స్టేడియంలో పనిచేసిన కుర్రాళ్లలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి టీనేజర్ ఒకడు. జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో కానివి కూడా ఉన్నాయని, అవి నల్లజాతి కళాకారులవన్న ఒక్క కారణంతో వచ్చాయని అతను తర్వాత చాలాసార్లు చెప్పాడు. డాల్ మాత్రం జాతివివక్ష, గే వ్యతిరేకత అన్న ఆరోపణలను ఒప్పుకోలేదు, అది సంగీతం మీద విసుగేనన్నాడు. నిర్వాహకుల మనసులో ఏముందన్నది వదిలేద్దాం. ఫలితం అందరికీ తెలిసిందే. రికార్డు కంపెనీలు డిస్కో నుంచి వేగంగా తప్పుకున్నాయి. కొత్త నృత్య రికార్డులు రావడం తగ్గింది.

వేర్‌హౌస్‌లో శనివారాలు మాత్రం ఆగలేదు. ఇక్కడే నకల్స్ డీజే నుంచి ప్రొడ్యూసర్‌గా మారిన ఘట్టం ఉంది. అది ఆశయం కంటే కొరత వల్ల జరిగింది. కొత్త పాటలు రాకపోతే ఉన్నవాటినే కొత్తగా చేయాలి. సౌండ్ ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడు ఎరాస్మో రివేరాతో కలిసి పాత పాటలను టేపు మీదకు ఎక్కించాడు. టేపును బ్లేడుతో కోసి, నాట్యానికి పనికొచ్చే భాగాన్ని సాగదీసి, మళ్లీ అతికించాడు. మూడు నిమిషాల పాట ఏడు నిమిషాలయ్యేది. కొన్నిసార్లు గదిలో దీపాలన్నీ ఆర్పేసి, దూసుకొచ్చే రైలు శబ్దాన్ని స్పీకర్లలో వదిలేవాడు. తర్వాత డెట్రాయిట్ నుంచి వచ్చిన డెరిక్ మే దగ్గర రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ కొన్నాడు. రికార్డు కింద ఆ మెషీన్ దెబ్బను జోడించి వాయించడంతో పాత డిస్కో పాటకు కొత్త వెన్నెముక వచ్చింది. హౌస్ అనేది డిస్కో తీర్చుకున్న పగ అని నకల్స్ అన్నమాట ప్రసిద్ధం. వినడానికి బాగుంటుందిగానీ, నా దృష్టిలో అది పగ కన్నా ఎక్కువగా మరమ్మతు పని. ఊరు పారేసిన సామాను తెచ్చి బాగుచేసి వాడుకోవడం.

1982 చివరికి వేర్‌హౌస్ యాజమాన్యం ప్రవేశ రుసుము పెంచింది, వచ్చే జనం మారారు. నకల్స్ బయటికొచ్చి 1983లో పవర్ ప్లాంట్ అనే సొంత క్లబ్ తెరిచాడు. విలియమ్స్ కొత్తగా పెట్టిన మ్యూజిక్ బాక్స్‌కు రాన్ హార్డీ డీజే అయ్యాడు. హార్డీ మరింత వేగంగా, మరింత కరుకుగా వాయించేవాడు. షికాగో కుర్రాళ్లు సొంతంగా తయారుచేసిన టేపులు పట్టుకొని ఈ ఇద్దరి దగ్గరికే వచ్చేవారు. ఒక పాట బతుకుతుందా లేదా అన్నది శనివారం రాత్రి తేలిపోయేది.

‘యువర్ లవ్’ ఎవరిది?

ఆ టేపుల్లో ఒకటి జేమీ ప్రిన్సిపుల్ అనే యువకుడిది. అసలు పేరు బైరన్ వాల్టన్. సిగ్గరి. ఇంట్లో కూర్చుని సింథసైజర్‌తో ‘యువర్ లవ్’ అనే పాట కట్టుకున్నాడు, తానే పాడుకున్నాడు. టేపు నకల్స్ చేతికొచ్చింది. నకల్స్ దాన్ని పవర్ ప్లాంట్‌లో వాయించాడు, మెరుగులు దిద్దాడు. అచ్చులో రికార్డు లేకుండానే ఆ పాట నగరమంతా తెలిసిపోయింది. కాపీకి కాపీ తీసిన క్యాసెట్లు చేతులు మారాయి. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ దాన్ని విడుదల చేసినప్పుడు లేబుల్ మీద ప్రధాన కళాకారుడి పేరు ఫ్రాంకీ నకల్స్.

రాసినవాడు, పాడినవాడు ప్రిన్సిపుల్. తీర్చిదిద్దినవాడు, జనం ముందుకు తెచ్చినవాడు నకల్స్. అమ్ముకున్నది ట్రాక్స్. ఎవరి అనుమతితో ఏ రూపం అచ్చయిందన్నదానిపై ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. నకల్స్‌ను పొగిడే వ్యాసాలు చాలావరకు ఈ చోట తొందరగా దాటేస్తాయి. దాటకూడదు. ఎందుకంటే హౌస్ సంగీతంలోని చిక్కు అంతా ఇక్కడే ఉంది. అన్యాయానికి గురైన తరానికి ప్రతినిధిగా మనం చెప్పుకునే మనిషి పేరే ఇంకొకరి పాట మీద పెద్దక్షరాల్లో పడింది. అది నకల్స్ చేసిన దొంగతనమని నేను అనడం లేదు. ఆ ఇద్దరూ తర్వాత కూడా కలిసి పనిచేశారు. పేరున్న డీజే పేరు వేస్తే రికార్డు అమ్ముడవుతుందన్నది కంపెనీ లెక్క. కానీ ఆ లెక్క వల్ల పాట పుట్టించినవాడు వెనక్కి వెళ్లాడన్నది మాత్రం నిజం.

ఆ కథ అక్కడితో ఆగలేదు. ‘యువర్ లవ్’ వాద్య భాగం మీద గాయని క్యాండీ స్టాటన్ పాడిన వేరే పాటలోని గొంతును అతికించి బ్రిటన్‌లో ఒకరు బూట్‌లెగ్ చేశారు. ఆ కలయిక చివరికి 1991లో ‘ద సోర్స్’ పేరుతో విడుదలై బ్రిటన్ చార్టుల్లో నాలుగో స్థానానికి చేరింది. షికాగోలో ఒక కుర్రాడి ఇంట్లో మొదలైన బాణీ, సముద్రం అవతల, ఇంకొకరి గొంతుతో, ఇంకొకరి పేరు మీద లక్షల ఇళ్లలో మోగింది.

ట్రాక్స్ యజమాని లారీ షెర్మన్‌కు సొంతంగా రికార్డులు ముద్రించే ప్లాంటు ఉండేది. అది లేకపోతే ఈ పాటలు అసలు బయటికే వచ్చేవి కావన్న వాదన ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. 20 ఏళ్ల కుర్రాళ్లకు పెద్ద కంపెనీలు తలుపులు తీయలేదు, షెర్మన్ తీశాడు. పాత రికార్డులను కరిగించిన ప్లాస్టిక్‌తో ముద్రించడం వల్ల ట్రాక్స్ రికార్డుల్లో చిటపటలు ఎక్కువని సేకర్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే తలుపు తీసినవాడికి ఇల్లంతా రాసివ్వాలా? మిస్టర్ ఫింగర్స్‌గా ప్రసిద్ధుడైన లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 2020లో ట్రాక్స్‌పై దావా వేశారు. రెండేళ్ల తర్వాత రాజీ కుదిరి తమ పాటల హక్కులు తిరిగి తెచ్చుకున్నారు. షెర్మన్ 2020లోనే చనిపోయాడు. ‘మూవ్ యువర్ బాడీ’ చేసిన మార్షల్ జెఫర్సన్ తదితరులు 2022లో కోర్టుకెక్కడానికి ఈ రాజీ దారి చూపింది. 1986లో చేసిన పాటకు 2022లో న్యాయం అడగడమంటే, అడిగేవాళ్లంతా అప్పటికే అరవైల దగ్గర ఉన్నవాళ్లన్న మాట.

రీమిక్స్‌కు గ్రామీ

షికాగోలో రాత్రంతా నడిచే మద్యంలేని క్లబ్బులపై 1980ల ద్వితీయార్ధంలో నగరం ఆంక్షలు బిగించింది. ఇవాళ వేర్‌హౌస్ గోడలకు రక్షణ ఇచ్చిన నగర పాలక మండలే అప్పట్లో అలాంటి చోట్లను త్వరగా మూయించే నిబంధన తెచ్చింది. అదే సమయంలో బ్రిటన్ ఈ సంగీతాన్ని నెత్తిన పెట్టుకుంది. స్టీవ్ ‘సిల్క్’ హర్లీ చేసిన ‘జాక్ యువర్ బాడీ’ 1987 జనవరిలో అక్కడ నంబర్ వన్. పుట్టిన ఊళ్లో రేడియో వినని వాళ్లకు తెలియని పాట, లండన్‌లో మొదటి స్థానంలో ఉంది. నకల్స్ కొన్నాళ్లు లండన్‌లో వాయించి, దశాబ్దం చివరికి న్యూయార్క్ చేరాడు.

అక్కడ జూడీ వైన్‌స్టీన్, డేవిడ్ మొరాలెస్‌తో కలిసి డెఫ్ మిక్స్ ప్రొడక్షన్స్‌లో పనిచేసిన కాలం ఆయన వృత్తి జీవితంలో డబ్బు, పేరు వచ్చిన కాలం. 1989లో సతోషీ తొమియీ, రాబర్ట్ ఓవెన్స్‌తో ‘టియర్స్’. 1991లో వర్జిన్ రికార్డ్స్‌పై తొలి ఆల్బమ్, అందులో కీబోర్డు వాద్యకారుడు ఎరిక్ కప్పర్‌తో కలిసి చేసిన ‘ద విజిల్ సాంగ్’. ఈల లాంటి మెత్తని బాణీ, అమెరికా నృత్య చార్టుల్లో మొదటి స్థానం. సౌండ్స్ ఆఫ్ బ్లాక్‌నెస్ నుంచి మైఖేల్ జాక్సన్, టోనీ బ్రాక్స్‌టన్ దాకా ఎందరి పాటలకో రీమిక్స్‌లు. ఈ రీమిక్స్‌లలో ఎక్కువవాటిలో అసలు పాటలోని గొంతు తప్ప మిగతాదంతా కొత్తగా కట్టిందే. పియానో, బేస్, తాళం అన్నీ. అయినా చట్టం దృష్టిలో పాట అసలు స్వరకర్తదే, రికార్డింగు కంపెనీదే. రీమిక్స్ చేసినవాడికి సాధారణంగా దక్కేది ఒకసారి ఇచ్చే పారితోషికం.

గ్రామీ అవార్డుల సంస్థ ఈ పనికి విడిగా ఒక విభాగం పెట్టింది 1998లో. తొలిసారి ఆ పురస్కారం అందుకున్నది నకల్సే. ఆయన రికార్డులు వేయడం మొదలుపెట్టి అప్పటికి పాతికేళ్లు.

భారతీయ పాఠకుడికి ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చినప్పుడు తెలుగునాట ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. పాట పాడినవాడిదా, కట్టినవాడిదా, డబ్బు పెట్టిన నిర్మాతదా? 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను వదులుకోలేని హక్కుగా మార్చింది. కవర్ వెర్షన్ చేయాలంటే అసలు రికార్డింగు వచ్చిన ఏడాది తర్వాత ఐదేళ్లు ఆగాలని, రాయల్టీ ముందే కట్టాలని నిబంధన పెట్టింది. 2000ల తొలి సంవత్సరాల్లో హిందీ పాత పాటలపై వచ్చిన రీమిక్స్‌ల వరదకు అది జవాబు. రచయితకు, స్వరకర్తకు అది అవసరమైన రక్షణే. కానీ ఆ చట్రంలో అరేంజర్, డీజే ఎక్కడా కనిపించరు.

అలా కనిపించకుండాపోయిన ఒక వాద్యకారుడి కథ హౌస్ చరిత్రలోకి ఊహించని దారిలో వచ్చింది. ముంబయి సినిమా స్టూడియోల్లో వాద్యకారుడిగా జీవితమంతా గడిపిన చరణ్‌జీత్ సింగ్, 1982లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్, ఒక సింథసైజర్ పట్టుకొని పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. ఎవరూ కొనలేదు. టీబీ-303 కూడా మార్కెట్లో విఫలమై 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. చవగ్గా దొరుకుతున్న ఆ పాత మెషీన్‌తోనే షికాగో కుర్రాళ్ల బృందం ఫ్యూచర్ చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో విడుదలై, యాసిడ్ హౌస్ అనే శాఖకు పేరు పెట్టింది. చరణ్‌జీత్ ఆల్బమ్ 2010లో నెదర్లాండ్స్‌లో మళ్లీ విడుదలైనప్పుడు విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. అదే మెషీన్, అదే జారుడు స్వరం, ఐదేళ్ల ముందే. యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది మనవాడేనని అప్పట్లో మన పత్రికలు సంబరంగా రాశాయి. అది అతిశయం. షికాగోవాళ్లు ఆయన్ను వినలేదు, ఆయన వాళ్లను వినలేదు. తేడా వేరే చోట ఉంది. చరణ్‌జీత్‌కు మెషీన్లున్నాయి, విద్య ఉంది, గది లేదు. ప్రతి శనివారం తన ప్రయోగాన్ని పరీక్షకు పెట్టే జనం లేరు. షికాగో కుర్రాళ్లకు రాన్ హార్డీ ఉన్నాడు, ‘యాసిడ్ ట్రాక్స్’ను ఒకే రాత్రి నాలుగుసార్లు వాయించి జనం చేత ఒప్పించినవాడు. చరణ్‌జీత్ డెబ్బైల వయసులో యూరప్ వేదికలెక్కి 2015లో కన్నుమూశాడు.

గుర్తింపు ఎవరికి, ఎప్పుడు?

ఈ సంగీతాన్ని చట్టం గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. 1994లో బ్రిటన్ ఆరుబయట రేవ్ పార్టీలను అణచడానికి తెచ్చిన క్రిమినల్ జస్టిస్ చట్టంలో, పదేపదే ఒకే తీరున వచ్చే దెబ్బల శబ్దం కూడా సంగీతం కిందికే వస్తుందని ప్రత్యేకంగా రాశారు. పోలీసులు ఆపాల్సిన శబ్దం ఏదో చెప్పడానికి పార్లమెంటుకు మాటలు దొరికాయి. ఆ శబ్దాన్ని కూర్చిన మనిషికి రావలసిన వాటా చెప్పడానికి ఏ దేశంలోనూ అంత తేలిగ్గా మాటలు దొరకలేదు. చెవులు చిల్లులు పడే ఊరేగింపుల మీద హైదరాబాద్ ఆంక్షలను నేను తప్పుపట్టడం లేదు. ఆసుపత్రి పక్కన ఆ మోత భరించినవారికి తెలుస్తుంది. కానీ అదే వ్యాన్ల మీద మోగే జానపద గీతాల డీజే వెర్షన్లలో అసలు పాట ఏ పల్లె గాయనిదో, ఎవరు మిక్స్ చేశారో, యూట్యూబ్ ఆదాయం ఎవరి ఖాతాలో పడుతోందో ఎవరూ అడగడం లేదన్నది కూడా నిజం.

నకల్స్‌కు ఊరి గౌరవం బతికుండగానే కొంత దక్కింది. 2004లో వేర్‌హౌస్ ఉన్న వీధి భాగానికి ఆయన పేరు పెట్టారు. అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న బరాక్ ఒబామా అందుకు సాయపడ్డారు. మధుమేహం ముదిరి 2008లో ఒక పాదం తీసేయాల్సి వచ్చినా వాయించడం మానలేదు. 2014 మార్చి 31న 59 ఏళ్ల వయసులో షికాగోలో చనిపోయినప్పుడు ఒబామా దంపతులు సంతాప లేఖ పంపారు.

2022లో బియాన్సే ‘రెనైసాన్స్’ ఆల్బమ్ హౌస్ సంగీతాన్ని మళ్లీ పతాక శీర్షికల్లోకి తెచ్చింది, మరుసటి ఏడాది నృత్య సంగీత విభాగంలో గ్రామీ గెలిచింది. ఆ ఆల్బమ్ పేర్ల పట్టికలో పాత పాటల నుంచి తీసుకున్నవాటికి చాలామందికి క్రెడిట్ ఉంది. కొందరు పట్టిక మరీ పొడుగని ఎగతాళి చేశారు. నాకైతే ఆ పట్టిక ఆల్బమ్‌లోని మంచి పనుల్లో ఒకటి. ‘యువర్ లవ్’ ట్రాక్స్ ముద్రణకు అలాంటి పట్టిక ఉండి ఉంటే జేమీ ప్రిన్సిపుల్ పేరు వెతకాల్సిన పని ఉండేది కాదు.

నకల్స్ రికార్డులు ఇప్పుడు షికాగో దక్షిణ భాగంలోని స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంకులో ఉన్నాయి. మూతబడి శిథిలమైన ఆ బ్యాంకు భవనాన్ని కళాకారుడు థియాస్టర్ గేట్స్ నగరం నుంచి ఒక్క డాలరుకు కొని, బాగుచేసి, 2015లో తెరిచారు. దాదాపు ఐదు వేల రికార్డులు. నకల్స్ సొంత పాటలు వాటిలో కొన్నే. మిగతావన్నీ ఇతరులు రాసిన, పాడిన, వాయించిన పాటలు, ఆయన ఎంచి వినిపించినవి.